పిలుపు అందని ఉదయము

తెల్లవారుజామున 4-30 గంటలకు హైదరాబాదులోని కృష్ణానగరు కూడలిలో నిలిచి చూచిన శ్రోతలకు నేను చెప్పబోవు విషయము సులభముగా బోధపడును. ఆ వేళకే అక్కడ టీ దుకాణములు తెరచియుండును. లైట్‌మెన్, జూనియర్ ఆర్టిస్టులు, మేకప్ సహాయకులు, డ్రైవర్లు గుంపులు గుంపులుగా నిలిచి వ్యానుల కొరకు ఎదురుచూచుచుందురు. 1976 లో అక్కినేని నాగేశ్వరరావుగారు దాపుననే అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. చిత్రపరిశ్రమ మద్రాసునుండి క్రమక్రమముగా ఇటు తరలివచ్చినది. రోజు వేతనముపై బ్రతుకువారు అనేకులు కృష్ణానగరు సందులలో అద్దెగదులు చూచుకొనిరి. “కృష్ణానగరు కష్టాలు” అను మాట అట్లు పుట్టినదే.

ఇక్కడ పిలుపు అందినవానికి ఆనాడు పని యుండును, అందనివానికి లేదు. ఒకప్పుడు ప్రొడక్షన్ మేనేజరు పంపిన మనిషి వచ్చి తలుపు తట్టెడివాడు. నేడు ఆ పిలుపు చేతిలోని ఫోనుకే వచ్చుచున్నది. ఆ ఫోనుకు కబురు చేర్చు సర్వరును గూర్చియు, దాని నిర్వహణలో నేను చేసిన యొక పొరపాటును గూర్చియు నేడు ప్రసంగింతును.

చిత్రీకరణలకు దీపములను, మనుషులను సమకూర్చు ఒక చిన్న సంస్థకు నేను కొంతకాలము సర్వరు చూచితిని. వాట్సాప్ ఉండగా సొంత సర్వరు ఏల యని మీరడుగవచ్చును. విడుదల కాని చిత్రముల ఫొటోలు, దృశ్యముల వివరములు పరుల యంత్రములలో నుండుట ఆ సంస్థవారికి ఇష్టము లేకుండెను. 2013 లో ‘అత్తారింటికి దారేది’ చిత్రములోని పెద్దభాగము విడుదలకు ముందే బయటపడిన సంగతిని ఈ పరిశ్రమలో ఎవరును మరువలేదు. కావున మేము మాట్రిక్స్ అను పద్ధతిని ఎన్నుకొంటిమి. అది 2014 లో వెలువడినది. ఎవరైనను తమ యంత్రముపై ఉచితముగా నెలకొల్పుకొనవచ్చును. ఆ పద్ధతిలో పనిచేయు సర్వరు సాఫ్ట్‌వేరు పేరు సినాప్స్.

సినాప్స్ పైథాన్ భాషలో వ్రాయబడినది. సాధారణముగా వాడుకలోనున్న పైథాన్‌లో ఒక స్వభావము గలదు: ఒక ప్రాసెసు లోపల ఎన్ని పనులు పోటీపడుచున్నను, ఒక క్షణమున ఒక్కటి మాత్రమే ముందుకు సాగును. యంత్రమునకు ఎనిమిది కోర్లున్నను, ఒకటి చెమటోడ్చుచుండ తక్కినవి చేతులు కట్టుకొని కూర్చుండును. అందుచేత సర్వరు పెరిగిన కొలది దానిని అనేక ప్రాసెసులుగా విడదీయవలసివచ్చును. ప్రధాన ప్రాసెసు ఒకటి. దానిచుట్టు వర్కర్లనబడు ప్రాసెసులు. ఫోనులనుండి వచ్చు అభ్యర్థనలను ఒకటి చూచును, ఫొటోలను వేరొకటి భద్రపరచును, ఫోనులను మ్రోగించుపని ఇంకొకదానిది. దానికి పుషర్ అని పేరు. వీని మధ్య కబుర్లు రెడిస్ అను మరియొక సాఫ్ట్‌వేరు ద్వారా నడచును. సినిమావారు 24 శాఖలు అందురు గదా, ఇంచుమించు అట్టిదే యీ ఏర్పాటు.

శాఖలు పెరిగినపుడు వానిని నడుపు మేనేజరు కావలెను. లినక్సు యంత్రములలో చాలవరకు ఆ పని సిస్టమ్‌డీ అనుదానిది. లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ అనువారు దానిని 2010 లో ఆరంభించిరి. 2015 నాటికి డెబియన్, ఉబుంటు వంటి ప్రధాన లినక్సులు దానిని స్వీకరించెను. దానినిగూర్చి జరిగిన తగవులను చెప్పబూనినచో ఈ ప్రసంగము చాలదు. యంత్రము మేల్కొనగనే మొట్టమొదట లేచునది అదే. తక్కినవారిని లేపునదియు అదే. ఎవరిని ఎట్లు లేపవలెనో చెప్పు కాగితమునకు దాని భాషలో ‘యూనిట్’ అని పేరు. ఆ మాట విని మా సంస్థలోని వారు నవ్విరి. సినిమావారికి యూనిట్ అన్న మాట ఎవరును నేర్పనక్కరలేదు గదా.

ఒకనాడు భారము పెరిగినదని పుషరును ప్రధాన ప్రాసెసునుండి విడదీసితిని. దానికి యూనిట్ వ్రాసి, “స్టార్ట్” అని ఆజ్ఞాపించితిని. అది లేచి చక్కగా పనిచేసినది. నెల గడచెను. ఒక రాత్రి లినక్సు కెర్నెలును మార్చి యంత్రమును రీబూట్ చేసితిని. తిరిగి లేచిన పిమ్మట నా ల్యాప్‌టాప్‌నుండి ఒక కబురు పంపి చూచితిని, చేరినది. విఫలమైన యూనిట్లు ఏవైన నున్నవాయని మేనేజరునడిగితిని, ఒక్కటియు లేదనెను. నిశ్చింతగా నిదురించితిని.

తెల్లవారిన పిమ్మట తెలిసినది: రాత్రి 2 గంటల తరువాత ఎనిమిదిమంది లైట్‌మెన్‌కు పంపిన పిలుపులు మ్రోగలేదు. కబుర్లు సర్వరుకు చేరి భద్రముగనే యున్నవి. యాపు తెరచి చూచినవానికి కనబడును. నిదురించువానిని లేపునది మాత్రము లేదు. నా ల్యాప్‌టాప్‌లో కిటికీ తెరచియుండుటచే నాకు లోపము కనబడలేదు. వ్యాను ఎవరికొరకును ఆగలేదు; కూడలిలో నిలిచియున్న మరి ఎనిమిదిమందిని ఎక్కించుకొనిపోయినది.

కారణము చిన్నది. సిస్టమ్‌డీకి “స్టార్ట్” వేరు, “ఎనేబుల్” వేరు. మొదటిది ఇప్పుడు పనిలోనికి రమ్మనుట. రెండవది యంత్రము లేచిన ప్రతిమారును పిలువవలసినవారి పట్టికలో పేరు వ్రాయుట. నేను మొదటిదే చేసితిని. ఒకవేళ ప్రాసెసు నడుచుచు కూలిపోయినచో మూడు సెకన్లలో తిరిగి లేపుమని యూనిట్‌లో వ్రాసియుంటిని. ఆ జాగ్రత్త యేమియు అక్కరకు రాలేదు. లేవనిది పడదు గదా! పుషరు స్థితి ‘విఫలము’ కాదు, ‘నిష్క్రియము’. పిలిచినను రానివానిని మేనేజరు తప్పుపట్టును. పిలువనివానినిగూర్చి దానికి ఫిర్యాదు లేదు.

ఆ ఉదయము 7 గంటలకు పుషరును లేపితిని. ఆగియున్న పిలుపులన్నియు ఒక్కమారు మ్రోగినవి. అది ఇంకను అవమానకరముగా తోచినది. కొంతసేపటికి ఆ ఎనిమిదిమందిలో పెద్దవాడొకడు ఆఫీసుకు వచ్చెను.

“ఫోను మోగలేదు బాబూ. మోగితే నేను రాకుండా ఉంటానా?” అనెను.

ఆనాటి కూలి నా జీతమునుండి ఇచ్చెదనంటిని. “డబ్బు సంగతి తర్వాత. నా పేరు పక్కన ‘రాలేదు’ అని రాసుకున్నారు. ముందు అది కొట్టించు,” అనెను.

మేనేజరుగారి పుస్తకములో రెండే గడులు గలవు: వచ్చెను, రాలేదు. పిలుపు అందలేదనుటకు గడి లేదు. సిస్టమ్‌డీకి తెలిసిన భేదము ఆ పుస్తకమునకు తెలియదు. రెండుమార్లు ‘రాలేదు’ పడినవానిని మూడవమారు పిలువరు. నేను వెంటబోయి, తప్పు నాదని చెప్పి, ఎనిమిది పేర్లకు ఎదురుగ ఆ మాటను కొట్టివేయించితిని. కూలి సగము సంస్థ, సగము నేను ఇచ్చితిమి.

పిమ్మట యూనిట్లన్నిటిని తిరిగి వ్రాసితిని. విడివిడిగా నిలిచిన వర్కర్లను ‘టార్గెట్’ అను ఒక్క గొడుగు క్రిందికి తెచ్చితిని. ఆ గొడుగు లేచిన అన్నియు లేచును, ఆగిన అన్నియు ఆగును. ఇక్కడ క్రొత్తవారు పొరబడు చోటు ఒకటి గలదు. “దీని తరువాత అది” యని క్రమము వ్రాసినంత మాత్రమున రెండవది లేవదు. క్రమము వేరు, పిలుపు వేరు, రెండును వ్రాయవలెను. మరియు, లేచుట సిద్ధమగుట కాదు. హీరోగారు స్టూడియో గేటు దాటిరన్నంతలో షాటుకు సిద్ధమైరా? మేకప్‌మన్ “రెడీ” అనవలెను. సినాప్స్ ప్రాసెసు కూడ తాను నిజముగా సిద్ధమైన క్షణమున సిస్టమ్‌డీకి కబురు పంపగలదు. ఆ కబురుకై వేచియుండుమని యూనిట్‌లో వ్రాసితిని.

అటుపై సర్వరు మాటను నమ్ముట మానితిని. పాత ఫోనొకటి తెచ్చి, యాపు మూసి, ఆఫీసు బల్లపై నుంచితిని. ప్రతి రాత్రి 1 గంటకు దానికొక కబురు పోవును; అది మ్రోగవలెను.

మొదటి పరీక్షకు ఆ పెద్దాయన ఫోనును కూడ చేర్చుటకు ఆయన అనుమతి అడిగితిని. సరేననెను. ఆ రాత్రి కావలెననియే యంత్రమును రెండుమార్లు రీబూట్ చేసి, ఒంటిగంటకు కబురు పంపితిని. బల్లపై ఫోను మ్రోగెను. రెండు నిమిషములకు నా ఫోను మ్రోగెను.

“మోగింది బాబూ,” అనెను పెద్దాయన, నిదురమత్తు గొంతుతో. “ఇంతకీ రేపు పని ఉన్నట్టా, లేనట్టా?”