మేళం వీడియో తీసేదెలా?

కొబ్బరికి పేరుపడ్డ అంబాజీపేటకు 2024 ఫిబ్రవరిలో వచ్చిన ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ సినిమాతో మేళం పేరూ తోడైంది. ఈ రోజుల్లో పెళ్లివారు మేళం కుదుర్చుకునే ముందు, ‘వీడియో ఉంటే పంపండి’ అంటున్నారు. ఆ వీడియో ఎలా తియ్యాలో చూద్దాం.

ముందు ధ్వని. డ్రమ్ము పక్కనే ఫోను పెడితే మోత పగిలిపోతుంది. రెండో ఫోనును నాలుగడుగులు వెనక్కి పెట్టి ధ్వని మాత్రమే రికార్డు చెయ్యండి. మొదట్లో గట్టిగా ఒక్క చప్పట కొడితే, ఎడిటింగులో ఆ చప్పుడు దగ్గర బొమ్మనూ ధ్వనినీ కలిపేయొచ్చు.

రాత్రి ఊరేగింపులో లైట్లు మినుకుమినుకుమంటే, షట్టరు వేగం సెకనులో 50వ వంతుకు పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జులు కాబట్టి ఆ మినుకు తగ్గుతుంది.

పాటంతా ఒకసారి దూరం నుంచి తియ్యండి. మళ్లీ వాయించినప్పుడు క్లారినెట్ మీద వేళ్లు, ట్రంపెట్ ఊదే బుగ్గలు, ముందు చిందులేసే కుర్రాళ్లు దగ్గరగా పడాలి. షాటు మారేది దరువు మీదే.

అన్నిటికన్నా హుషారైన ముక్క మొదట్లో, ఫోను నంబరు చివర్లో. మొత్తం నిమిషంన్నర చాలు. స్టూడియో పాట మాత్రం అతికించకండి. పెళ్లివారు వినాల్సింది మీ వాయిద్యం.