ముద్రిత లోహం: బలమూ మన్నికా

లోహం ఎందుకు విరుగుతుందన్న ప్రశ్నకే జీవితమంతా ఇచ్చిన ఆచార్యుని స్మృతిలో కూడిన సభ ఇది. ఆ ప్రశ్న త్రీడీ ముద్రణతో మళ్లీ ఎలా తలెత్తిందో ఈ పూట మీ ముందుంచుతాను. 1842లో వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలింజను ఇరుసు విరిగి యాభైమందికి పైగా చనిపోయారు. మోయగలిగిన బరువునే మోస్తున్న ఇరుసులు ఎందుకు విరుగుతున్నాయో ఆనాడు చాలామందికి అంతుపట్టలేదు. ప్రష్యా రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ ఏళ్ల తరబడి ఇరుసులను పదేపదే వంచి పరీక్షించి, 1870 నాటికి సంగతి తేల్చాడు. ఒక్కసారి పడితే లోహం సునాయాసంగా తట్టుకునే భారమే లక్షలసార్లు పడితే దాన్ని విరగ్గొడుతుంది. దీన్నే లోహపు అలసట అంటున్నాం. ముద్రిత లోహాన్ని ఒక్కసారి లాగి చూసి, వచ్చిన అంకెను మెచ్చుకోవడమంటే వోలర్‌కు ముందు కాలానికి వెళ్లిపోవడమేనని నా వాదన.

ఆ అంకె ఊరించేదే, కాదనను. 1980లలో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో కార్ల్ డెకార్డ్ పొడిని లేజర్‌తో పొరలుగా అతికించే పద్ధతి కనిపెట్టాడు. 1990ల మధ్యలో జర్మనీలోని ఆఖెన్‌లో ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు లోహపు పొడిని పూర్తిగా కరిగించే దాకా వెళ్లారు. ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వెనేడియం కలిసిన టైటానియాన్నే తీసుకోండి. పొర మందం 30 నుంచి 60 మైక్రాన్లు. లేజర్ ముందుకు జరగ్గానే కరిగిన చోటు గడ్డకట్టేస్తుంది. అంత వేగంగా చల్లారడం వల్ల లోపల సూదుల్లాంటి సన్నని స్ఫటికాలు ఏర్పడి, బలం తరచు 1,100 మెగాపాస్కల్స్ దాటుతుంది. ప్రమాణాలు అడిగేది 895 మాత్రమే. కానీ అదే ముక్కను కోసి, నునుపు చేసి సూక్ష్మదర్శిని కింద పెడితే, రెండు పొరల నడుమ సరిగా కరగని చోట ఒక బల్లపరుపు చీలిక కనిపించవచ్చు. దాని అంచు పదునుగా ఉంటుంది. లోపల కరగని పొడి గుళికలు గుండ్రంగా అలాగే మిగిలి ఉంటాయి. ముక్కను పొరలకు అడ్డంగా లాగితే ఆ అంచు దగ్గరే పగులు మొదలవుతుంది. పొరల దిశలో లాగితే అదే చీలిక అంత హాని చేయదు. కాబట్టి ఏ దిశలో ముద్రించారో చెప్పకుండా ముద్రిత లోహపు బలం ఇంత అనడం అసంపూర్ణమే.

దీనికి మందు ఉందిగా అంటారు: సుమారు 920 డిగ్రీల వేడిలో, వెయ్యి వాతావరణాల ఆర్గాన్ ఒత్తిడిలో ఉంచితే లోపలి బోలు మూసుకుపోతుంది. నిజమే, నా వాదనకు గట్టి సాక్ష్యమూ అదే. ఈ చికిత్స తర్వాత స్ఫటికాలు లావెక్కి బలం తగ్గుతుంది. అలసటను ఓర్చే ఆయుష్షు మాత్రం పెరుగుతుంది. అంకె పడిపోయి మన్నిక పెరిగిందంటే, మొదటి అంకె మనకు చెప్పింది ఎంత తక్కువో గమనించండి. పైగా ఉపరితలానికి తెరుచుకున్న రంధ్రంలోకి ఆ వాయువే దూరిపోతుంది కనుక అది మూసుకోదు. ఉపరితలపు గరుకు సాన పడితేనే పోతుంది. వంకర తిరిగిన లోపలి కాలువల్లోకి సానరాయి వెళ్లదు. అలాంటి కాలువల కోసమే కదా ముద్రణను ఎంచుకున్నది!

ముద్రిత భాగాలు ఎగురుతూనే ఉన్నాయి కదా అన్నది మరో అభ్యంతరం. 2024 మేలో ఇస్రో మహేంద్రగిరిలో పీఎస్‌ఎల్‌వీ రాకెట్ నాలుగో దశకు వాడే పీఎస్4 ఇంజన్‌ను ముద్రించి 665 సెకన్లు మండించింది. 14 భాగాలు ఒక్కటయ్యాయి, 19 వెల్డింగ్ అతుకులు పోయాయి. గర్వించదగ్గ పని. అయితే రాకెట్ ఇంజన్ ఆయుష్షును నిమిషాల్లో కొలుస్తాం. తుంటి కీలు మార్పిడి చేయించుకున్న మనిషి ఏటా ఒక్కో కాలి మీద సుమారు 10 లక్షల అడుగులు వేస్తాడు. ఆ కీలులో ఎముకకు అతుక్కునే గిన్నెను 2007 నుంచి యూరప్‌లో ముద్రిస్తున్నారు. ప్రతి అడుగుకూ వంగే కాడను మాత్రం ఇప్పటికీ ఎక్కువగా సాగగొట్టిన లోహంతోనే చేస్తున్నారు.