సంచి ఖాళీగా ఉన్నప్పుడు

నేను ఇంజనీరింగ్ కాలేజీలో ఫ్యాన్లు, బ్లోయర్లు, పంపుల పాఠం చెప్పుకునేవాణ్ణి. వ్యాక్యూమ్ క్లీనరు సంచి ఉన్నది కొనాలా, లేనిది కొనాలా అన్న ప్రశ్నకు జవాబు చెప్పమని మిర్యాలగూడ మిత్రులు నన్ను పిలిచారు. నాలుగు ముక్కల్లో తేల్చెయ్యొచ్చు గానీ, అప్పుడు నేనూ సేల్స్‌మన్నూ ఒకటే అవుతాం.

ఇదిగో, బల్ల మీద మిషను. ఆన్ చేస్తున్నాను. ఇప్పుడు గొట్టానికి అరచెయ్యి అడ్డం పెడుతున్నాను. విన్నారా, మోత పెరిగింది. పాపం మోటారు కష్టపడుతోంది అనుకుంటాం. నిజానికి దానికి పని తగ్గింది. గాలి కదలకపోతే ఫ్యానుకు నెట్టడానికేమీ ఉండదు, అందుకని తేలిగ్గా, ఇంకా వేగంగా తిరుగుతుంది. మీటరు పెడితే వాట్లు తగ్గడం కనిపిస్తుంది. చెయ్యి ఇలా ఉన్నంతసేపూ పీల్పు అత్యధికం, గాలి ప్రవాహం సున్నా. చెయ్యి తీస్తే గాలి బాగా పారుతుంది, పీల్పు పడిపోతుంది. దుమ్మును నేల మీంచి లేపి లోపలికి మోసుకుపోవాలంటే రెండూ కలిసి ఉండాలి. అట్టపెట్టె మీద ఇన్ని కిలోపాస్కల్స్ అని గొప్పగా వేసేది సాధారణంగా గొట్టం మూసి కొలిచిన అంకె. అంటే ఒక్క రేణువు కూడా లోపలికి పోలేని స్థితిది! దాని పక్కన ఉండే 1600 వాట్లు మిషను తీసుకునే కరెంటు లెక్క. అందులో దుమ్ము లాగడానికి ఉపయోగపడేది కొంతే.

సంచి సంగతికి వద్దాం. 1908లో అమెరికాలోని ఒహాయోలో జేమ్స్ మర్రే స్పాంగ్లర్ అనే ఆయన చేతితో తోసే ఎలక్ట్రిక్ క్లీనరుకు పేటెంటు తీసుకున్నాడు. దుకాణం ఊడ్చే ఉద్యోగం, ఉబ్బసం జబ్బు. దుమ్ము పట్టడానికి ఆయన కట్టింది దిండు గలీబు. ఆ పేటెంటు కొన్న కుటుంబమే హూవర్ కంపెనీ వాళ్లు. ఆ గలీబులోనే సంచి కథంతా ఉంది. సంచి దుమ్మును ఉంచే పాత్ర మాత్రమే అనుకుంటాం, అది ఫిల్టరు కూడా. లోపలికొచ్చిన గాలి సంచి గోడల్లోంచే బయటికి పోవాలి. దుమ్ము చేరేకొద్దీ ఆ రంధ్రాలు మూసుకుంటాయి, గాలి తగ్గుతుంది. ఇందాక నా అరచెయ్యి ఒక్కసారిగా చేసిన పనిని సంచి నెమ్మదిగా చేస్తుంది.

1978లో ఇంగ్లండులో జేమ్స్ డైసన్ అనే ఆయనకు చిర్రెత్తించింది ఇదే. ఒక రంపపు మిల్లు మీద రేకు గరాటు చూసి ఆయనకు ఆలోచన వచ్చింది. దాన్ని మీకు వర్ణించి చెప్పే అవసరం నాకు లేదు, ఈ ఊళ్లో ఏ రైస్ మిల్లు వెనక్కి వెళ్లినా కనిపిస్తుంది. దుమ్ముతో కూడిన గాలి పక్కనుంచి దూరి గిర్రున తిరుగుతుంది, బరువైనవి గోడకు కొట్టుకుని కిందికి జారతాయి, గాలి మధ్యలోంచి పైకి పోతుంది. 5,127 నమూనాలు చేశాక మిషను కుదిరిందని ఆయన లెక్క. 1993లో బ్రిటన్‌లో అది డీసీ01 అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. సంచి కొనే పని లేదు, పీల్పు తగ్గదు, ఇదీ ప్రచారం.

మొదటి మాట నిజం. రెండోదాని దగ్గర కాసేపు ఆగాలి. మిల్లు గరాటు అన్నీ పట్టేస్తే పక్కిళ్ల డాబాల మీద సన్నటి పొడి ఎందుకు పడుతోంది? బాయిలరు బూడిద సంగతి వేరు, నేననేది తవుడు దుమ్ము. రేణువు ఎంత సన్నదైతే గోడకు విసిరే బలం దాని మీద అంత తక్కువ. అందుకే క్లీనర్లలో ఒక పెద్ద గరాటు చాలక, చిన్నచిన్నవి గుత్తిగా పెడతారు. సుడి ఎంత ఇరుకైతే విసురు అంత ఎక్కువ. అయినా కొంత తప్పించుకుంటుంది. దాన్ని ఆపడానికి వెనక ఒక ఫిల్టరు ఉంటుంది, నెలకోసారి కడగమని మాన్యువల్లో ఉంటుంది. కడగని ఇంట్లో పీల్పు తగ్గదన్న మాట అబద్ధమైపోతుంది. తప్పు మనదే అని కంపెనీ అంటుంది, పేజీ నంబరు కూడా చూపిస్తుంది.

ఈ తగువు ఐరోపా కోర్టులకు ఎక్కిన తీరు నాకు భలే ఇష్టం. 2014 సెప్టెంబరు నుంచి అక్కడ క్లీనర్లకు విద్యుత్తు లేబులు తప్పనిసరి చేశారు. పరీక్ష మాత్రం ఖాళీ సంచితో, ఖాళీ డబ్బాతో. డైసన్ కంపెనీ దావా వేసింది. ఇంట్లో ఎవరు ఖాళీ సంచితో ఊడుస్తారు అని వాళ్ల వాదన. నిండిన సంచితో కొలిస్తే ఒక్కో ప్రయోగశాలలో ఒక్కో ఫలితం వస్తుందని ఐరోపా కమిషన్ సమాధానం. కొలతల పని చేసినవాణ్ణిగా చెబుతున్నాను, అదేమీ కుంటిసాకు కాదు. రెండుచోట్ల ఒకే దుమ్మును ఒకేలా నింపడం నిజంగానే కష్టం. అయినా చట్టం అడిగింది వాడకానికి దగ్గరగా ఉండే కొలతను.

ఇదే గొడవలో సంచి మిషన్లు చేసే బీఎస్‌హెచ్ కంపెనీ మీద కూడా డైసన్ బెల్జియంలో కేసు వేసింది. ఖాళీ సంచితో కొలిచిన సంగతి కొనేవాళ్లకు చెప్పలేదని ఫిర్యాదు. చెప్పకపోవడం చట్టప్రకారం దాపరికం కాదని 2018 జూలైలో ఐరోపా న్యాయస్థానం తేల్చింది. అదే ఏడాది నవంబరులో లక్సెంబర్గ్‌లోని జనరల్ కోర్టు ఖాళీ సంచి లేబులు విధించిన ఆ నిబంధననే కొట్టేసింది. 2019 జనవరిలో లేబుళ్లు పోయాయి. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టి చదవండి, సినిమా అక్కర్లేదు.

ఇక మన గుమ్మం ముందుకు. ముగ్గు పిండి, అందులోనూ రాతి పొడి, సంచికి పరమ శత్రువు. సిమెంటు, టైల్స్ కోసిన పొడి, టాల్కం పౌడరు కూడా అంతే. సంచి నిండిందని చెప్పే ఎర్రగుర్తు బరువు చూడదు, సంచికి ముందూ వెనకా ఒత్తిడి తేడానే చూస్తుంది. అందుకే గుప్పెడు ముగ్గుకే ఎర్రబడుతుంది, తెరిచి చూస్తే సంచి సగం కూడా ఉండదు. అలాగని సంచి లేనిది వీటిని దర్జాగా మింగేస్తుందనుకోకండి, దాని ఫిల్టరు మూసుకుంటుంది. ముగ్గుకు, సిమెంటు పొడికి చీపురే మేలు. నా చదువుకు అవమానమేమీ లేదు.

సంచి లేని మిషను డబ్బా విప్పేటప్పుడు, పట్టిన దుమ్ములో కొంత మళ్లీ ముక్కులోకే వస్తుంది. ఉబ్బసం ఉన్న ఇంట్లో మూత మూసుకునే సంచి ఉన్న మిషనే తీసుకోమంటాను. మనవైపు కొన్నిటికి వచ్చే గుడ్డ సంచి మాత్రం దులపకూడదు, దులిపితే ఉన్నదంతా గాల్లోకే. హెపా అని రాసి ఉంటే, ఆ ఫిల్టరు చుట్టూ రబ్బరు అంచు బిగువుగా ఉందో లేదో చూడండి. అతి సన్నటి రేణువుల్లో 99.95 శాతం ఆపే ఫిల్టరైనా, గాలి పక్క సందులోంచి పోతుంటే దానికి చేసే పనే ఉండదు. హెపా తరహా అని ఉంటే ఆ అంకె కూడా లేనట్టే లెక్క.

కడిగిన ఫిల్టరు పూర్తిగా ఆరాలి, ఒక పగలూ రాత్రీ పడుతుంది. మన వానాకాలంలో ఇంకా ఎక్కువ. తడిది పెడితే మిషను ముక్కవాసన వేస్తుంది, మోటారుకూ ప్రమాదమే. రెండో ఫిల్టరు కొని ఉంచుకోండి. ఆ ఖర్చు, సంచుల ఖర్చు పక్కపక్కన వేసుకుంటే తేడా ప్రకటనల్లో చెప్పినంత ఉండదు.

ఇంటికొచ్చి పరుపు మీద నడిపి నల్లగుడ్డ మీద దుమ్ము చూపిస్తారే, అది మిషను గొప్ప అనుకోకండి. పరుపు తరగని గని, ఎవరు తవ్వినా ఎంతో కొంత దొరుకుతుంది. వాళ్లది నడిపాక అదే చోట మీ పాతది నడిపి గుడ్డ చూడమనండి. దానికీ దొరుకుతుంది.

దుకాణంలో సంచి మిషనే తీసుకోవాలనిపిస్తే, బిల్లు రాయకముందే సంచుల ప్యాకెట్టు చేతికివ్వమని అడగండి. తెప్పిస్తాం అంటే, తెప్పించాక వస్తామని చెప్పి రండి. ఇక మీ ప్రశ్నలు కానివ్వండి.