ఆ గడ్డ ఎవరిది?
(కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగం)



16 ఏళ్ళ అమ్మాయి ఒకతె రొమ్ములో గడ్డని నాలుగు నెలలు దాచుకుంది. తెలిస్తే సంబంధాలు రావని భయం. నన్ను మొదట అడిగింది, "క్యాన్సరా అక్కా?" అనే.

ఆ వయసులో రొమ్ము క్యాన్సర్ అత్యంత అరుదు. ఎక్కువగా కనిపించేవి ఫైబ్రోఎడినోమాలు. గోలీల్లా, నొక్కితే వేలికింద జారిపోతుంటాయి. కొన్ని వాటంతటవే తగ్గుతాయి కూడా. చేత్తో పరీక్షించి, ఒకటి రెండు నెలసరులు గడిచాక మళ్ళీ చూడాలి. అవసరమైతే అల్ట్రాసౌండ్ చాలు. మామోగ్రామ్ ఈ వయసుకి పనికిరాదు. త్వరగా పెరుగుతున్నా, 5 సెంటీమీటర్లు దాటినా ఆపరేషన్ మాట ఆలోచించాలి. ఎర్రబడి జ్వరమొస్తే చీముగడ్డ కావచ్చు, ఆగకూడదు.

ఇదొక్కటి గట్టిగా చెప్తాను. తొమ్మిది పదేళ్ళ పిల్లకి చనుమొన కింద ఒకవైపే గట్టిగా, నొప్పిగా తగిలేది మామూలుగా జబ్బు కాదు, అప్పుడే ఎదుగుతున్న రొమ్ము. గడ్డ అనుకుని దాన్ని కోసేస్తే ఆ వైపు రొమ్ము ఇక పెరగకపోవచ్చు. ఎందుకు కోస్తున్నారని అడగండి. అడగడం మన హక్కు, డాక్టర్లకి కోపమొచ్చినా సరే.

తల్లికి నచ్చచెప్పి ఆ అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తెర కూడా లేకుండా పరీక్ష చేయబోయారు. నేను పోట్లాడి తెర వేయించాను. 2 సెంటీమీటర్ల ఫైబ్రోఎడినోమా అన్నారు, అదీ తల్లితోనే. పిల్లవైపు చూడనైనా లేదు. "పెళ్ళికి అడ్డు, తీసెయ్యండి" అంది తల్లి. మచ్చ పడుతుందా, తియ్యకపోతే ఏమవుతుందని అమ్మాయే అడిగింది. అన్నీ విని, ఇప్పుడు వద్దంది.

ఆర్నెల్ల తర్వాత స్కాన్‌లో గడ్డ అంతే ఉంది. మళ్ళీ వెళ్ళాల్సిన తేదీ నేను మర్చిపోయాను. తనే గుర్తుచేసింది.