అడవి చదువు, హాస్టల్ చదువు
(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



గిరిజన విద్య గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము వార్డెన్లం. హాజరు పట్టీ, మెస్ లెక్కలు, పదో తరగతి ఫలితాలు, ఇవి మాకు బాగా తెలుసు. కానీ ఈరోజు వాటి గురించి కాదు, మేము చేసిన ఒక తప్పు గురించి చెబుతాం.

కొన్నేళ్ల కిందటి మాట. హాస్టల్లో పిల్లల పెట్టెలు తనిఖీ చేస్తున్నాం. దోర్నాల వైపు పెంట నుంచి వచ్చిన ఆరో తరగతి చెంచు పాప పెట్టెలో ఒక గుడ్డమూట దొరికింది. విప్పితే గుండ్రటి గింజలు, ఎండిన వేరు ముక్కలు. "పుస్తకాల పెట్టెలో ఈ చెత్తేంది?" అని కసురుకుని చెత్తగుంటలో పారేయించాం. ఆ పాప ఏమీ అనలేదు. తల దించుకుంది, అంతే.

ఎండాకాలం వచ్చింది. బోరు అడుగంటింది. ట్యాంకర్ తెచ్చిన నీళ్లు ఎర్రమట్టి కలిపినట్టున్నాయి. వంటామె తల పట్టుకుంది. ఆ పాపే పోయి చెత్తగుంటలో వెతికి రెండు గింజలు ఏరుకొచ్చింది. కుండ లోపలి గోడకు ఒక గింజను కాసేపు అరగదీసి, నీళ్లు పోసి కలిపి, మూత పెట్టింది. కొంతసేపటికి మూత తీసి చూస్తే మట్టంతా అడుగున కూర్చుంది. పైన నీళ్లు తేటగా ఉన్నాయి. "ఎవరు నేర్పారమ్మా?" అంటే "మా అవ్వ" అంది.

అవి చిల్లగింజలు. కొందరు ఇండుపగింజలంటారు. గింజలోని పదార్థం నీళ్లలో తేలే సన్నటి మట్టిని ఒకచోటికి చేర్చి కిందికి దించుతుంది. మేము బీఈడీలో సైన్సు బోధన పద్ధతులు చదువుకున్నాం. నీటి శుద్ధి పాఠంలో పటిక గురించి ఏటా చెప్పాం. మన అడవిలో కాసే చిల్లగింజ గురించి ఒక్క ఏడాదీ చెప్పలేదు. చెప్పగలిగిన పిల్లను మాత్రం తలదించుకునేలా చేశాం.

ఒక మాట మాత్రం స్పష్టంగా చెప్పాలి. చిల్లగింజ బురదను దించుతుంది గానీ ఫ్లోరైడ్‌ను తీయదు. మన ప్రాంతంలో ఫ్లోరైడ్ బాధ ఎంతటిదో మీకు తెలుసు. తేరిన నీళ్లను కూడా కాచే తాగాలి. పెద్దల విద్యను గౌరవించడమంటే దాని బలంతో పాటు దాని హద్దు కూడా తెలుసుకోవడం.

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం సీమ ఎడారి కాదు. కానీ మే నెలలో కొండ ఎక్కిన వాళ్లకు ఎడారికి తక్కువేమీ అనిపించదు. వాగులు ఎండుతాయి, ఆకు రాలుతుంది, బండలు కాలుతాయి. అలాంటి చోట తరతరాలుగా బతికిన మనుషుల దగ్గర ఎంత లెక్క ఉండాలి? ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుంది, తునికి పండు, మొర్రి పండు ఎప్పుడు దొరుకుతాయి, వానాకాలంలో తీగ చూసుకున్న గడ్డ వేసవిలో తీగ ఎండిపోయాక ఎక్కడుంటుంది, ఇదంతా ఆ లెక్కే. ఎండిన వాగు ఇసుకలో తేనెటీగలు గుంపుగా వాలుతున్నాయంటే తడి దగ్గర్లో ఉందని అర్థం. అక్కడ చెలమ తవ్వుతారు.

నల్లమద్ది చెట్టు చూశారా? బెరడు మొసలి చర్మంలా పగిలి ఉంటుంది. కొన్ని నల్లమద్ది చెట్లు మానులో నీళ్లు దాచుకుంటాయి. 2024 మార్చిలో పాపికొండల్లో అటవీ అధికారులు ఒక చెట్టు బుడిపె మీద గాటు పెడితే నీళ్లు ధారగా వచ్చాయి. ఆ వీడియో దేశమంతా చూసింది. అది వాళ్లకు చెప్పింది కొండరెడ్లు. మీలోనూ చాలామంది ఆ వీడియో ఫోన్లో చూసి ఆశ్చర్యపోయారు. నల్లమద్ది మన నల్లమలలోనూ ఉంది. ఫోన్లో చూసిన వాళ్లలో ఎంతమంది ఇంటికెళ్లి "మనకూ తెలుసా ఇది?" అని తాతను అడిగారు?

జంతువుల సంగతి తీసుకోండి. కొండముచ్చులు చెట్టు మీద మేస్తుంటే కింద దుప్పులు చేరతాయి, పైనుంచి రాలే ఆకూ కాయా తినడానికి. కొండముచ్చు పైనుంచి దూరం చూస్తుంది, దుప్పి కింద వాసన పడుతుంది. ఏది ముందు అరిచినా రెండోది జాగ్రత్త పడుతుంది. ఆ అరుపులు విని పులి ఏ వైపు కదులుతోందో చెప్పగల చెంచులు మన మధ్య ఉన్నారు. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం 1983 నుంచి టైగర్ రిజర్వుగా ఉంది. ఇవాళ అక్కడి బేస్ క్యాంపుల్లో కాపలా తిరిగే వాచర్లలో చెంచులు ఎందరో. అడుగుజాడ చూసి అది మగపులా, ఆడపులా, ఎప్పుడు నడిచింది అని వాళ్లు చెబుతుంటే పెద్ద చదువులు చదివిన అధికారులు రాసుకుంటారు. కాబట్టి "అడవి విద్య కూడు పెట్టదు" అనే మాట ఇంకెవరైనా అంటే నమ్మకండి.

అయితే పేర్లు తెలియడం ఒక్కటే ఈ విద్య కాదు. ఎంత తీసుకోవాలి, ఎక్కడ ఆగాలి అన్నదే దీని ప్రాణం. ఒక పెద్దామెతో మారేడుగడ్డలకు వెళ్లినప్పుడు మేము ఉత్సాహంగా మొత్తం పెకిలించబోయాం. ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "అంతా తవ్వుకుంటే వచ్చే ఏడు ఏం తవ్వుతావమ్మా?" అంది. కొన్ని వేళ్లు తీసి, మిగిలినవి ఉంచి, మట్టి కప్పింది. ఇవాళ నన్నారి షర్బత్ కోసం, పచ్చళ్ల కోసం ఆ గడ్డకు గిరాకీ పెరిగింది. పెకిలించి బస్తాలకు ఎత్తేవాళ్లూ పెరిగారు. తపసి బంకదీ అదే కథ. గొడ్డలితో లోతుగా నరికితే ఆ సీజన్‌కు బంక ఎక్కువ కారుతుంది, తర్వాత చెట్టు చస్తుంది. పదునైన చిన్న కత్తితో బెరడు మీద సన్నగా గీసి, గాయం మానేదాకా చెట్టును వదిలేస్తే ఏళ్లకేళ్లు ఇస్తుంది.

తేనె తీసేటప్పుడు కొండచరియ నుంచి వేలాడే మనిషి తాడును బావమరిది పట్టుకోవాలని మన పెద్దలంటారు. అక్క పసుపు కుంకుమ మీద అతనికున్నంత శ్రద్ధ ఇంకెవరికీ ఉండదు కదా! తాడు ఎవరి చేతిలో ఉండాలో కూడా ఆలోచించిన విద్య ఇది.

ఇప్పుడు ఈ విద్య తాడు ఎవరి చేతిలో ఉంది? రెండు మొక్కల కథ వినండి.

మన రాళ్ల నేలల్లో ఆకుల్లేకుండా, దళసరి కాడలతో మొలిచే చిన్న మొక్క ఉంది. కుందేటి కొమ్ములంటారు. గొర్రెల కాపర్లు పచ్చికాడలే నమిలేస్తారు. 1795లో మొదటి సంపుటి వచ్చిన కోరమండల్ తీర మొక్కల గ్రంథంలో విలియం రాక్స్‌బర్గ్ ఈ మొక్కను వర్ణించి, తెలుగువాళ్లు దాన్ని కారల్లం అంటారని రాశాడు. ఆ మాట నుంచే రాబర్ట్ బ్రౌన్ ఈ మొక్కల జాతికి కారలుమా అని పేరు పెట్టాడని వృక్షశాస్త్రం చెబుతుంది. ఇవాళ ఆకలి తగ్గించే మందు పేరిట దాని సారం విదేశాల్లో మాత్రలుగా అమ్ముడవుతోంది. మాట మనది, మొక్క మనది. చెప్పిన మనిషి పేరు మాత్రం ఎక్కడా లేదు.

రెండోది నిజంగా ఎడారి మొక్క, దీనికి దూరపు చుట్టం. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో శాన్ ప్రజలు వేటకు వెళ్లినప్పుడు ఆకలీ దాహమూ తెలియకుండా హూడియా అనే మొక్క కాడ నమిలేవారు. 1990ల్లో దక్షిణాఫ్రికా పరిశోధన మండలి దాని మీద పేటెంట్ తీసుకుంది, శాన్ ప్రజలను అడగకుండానే. వాళ్లు ఊరుకోలేదు. సంఘంగా నిలబడ్డారు. 2003లో లాభంలో వాటా ఇచ్చే ఒప్పందం రాయించుకున్నారు. సంఘం ఉంది కాబట్టి, ఆ విద్య తెలిసిన పెద్దలు బతికి ఉన్నారు కాబట్టి అది సాధ్యమైంది.

మనకూ చట్టం ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(కె) జీవవైవిధ్యానికి సంబంధించిన సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి మేధోసంపత్తి హక్కు ఇచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉన్నాయి. కానీ రిజిస్టర్‌లో రాయించడానికి ముందు మనకు తెలిసి ఉండాలి కదా.

తెలియకపోవడంలో మా పాలు ఎంతో దాచుకోదలచుకోలేదు. ఆరేళ్లకు బిడ్డను తీసుకొచ్చి పదహారేళ్లకు పంపుతాం. అమ్మ వెంట, అవ్వ వెంట అడవికి పోయి నేర్చుకునే వయసు సరిగ్గా అదే. చదువు మానమని మేము చెప్పం, ఎన్నటికీ చెప్పం. చదువు లేక మన వాళ్లు ఎంత మోసపోయారో మీకు మేము చెప్పాలా? కానీ ఒక చదువు ఇవ్వడానికి ఇంకో చదువును చెత్తగుంటలో వేయక్కర్లేదు.

అందుకే మిమ్మల్ని మూడు పనులు అడుగుతున్నాం. ఒకటి, వేసవి సెలవుల్లో పదిరోజులైనా పెద్దల వెంట అడవికి నడవండి. అడగండి, చేత్తో చేయండి. రెండు, ఒక నోటుబుక్కు పెట్టి రాయండి. మొక్క పేరు మన మాటలోనే, చెప్పిన వారి పేరుతో, వారు ఒప్పుకున్నంతే. ఇది బయటికి చెప్పకు అంటే అక్కడ ఆగండి. మూడు, మందుల గుట్టు ఎవరు అడిగితే వారికి చెప్పకండి, లైకుల కోసం వీడియో పెట్టకండి. అది మీ ఒక్కరిది కాదు, గూడెం అందరిది. గ్రామసభలో మాట్లాడాకే ముందుకెళ్లండి.

మేమూ ఒకటి మొదలుపెట్టాం. మా హాస్టల్లో నెలకొక ఆదివారం ఒక అవ్వో తాతో వచ్చి పాఠం చెబుతారు. మేము వెనక బెంచీలో కూర్చుంటాం. మొదటిసారి వచ్చింది ఆ పాప అవ్వే. మేము పారేసిన మూట సంగతి చెప్పి తప్పయిందన్నాం. ఆమె నవ్వి, కొంగు ముడి విప్పి గుప్పెడు చిల్లగింజలు మా చేతిలో పోసింది. "ఈసారి పారెయ్యొద్దమ్మా" అంది.

దేశంలో ఎన్నో తరాల పిల్లలు మన మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దారు. మన పెద్దల చదువు మాత్రం ఏ పలక మీదా లేదు. వాళ్ల నోట్లో, చేతుల్లో ఉంది. అది మీ చేతుల్లోకి రావాలంటే వాళ్లు ఉండగానే రావాలి.

సెలవు. జై ఆదివాసీ!