సబ్బు మీద పేరు నిలవదు



నేను డాక్టర్ని కాదు, బడిపంతుల్ని. మన సంఘం కట్టిన ఫీజుతో నర్సింగ్ చదివిన నా పాత విద్యార్థిని ఒకమ్మాయి పోయిన ఈద్‌కు ఇంటికి వచ్చి, "సార్, డ్యూటీలో నాకు సూది గుచ్చుకుంది" అంది. ఇంజెక్షన్ ఇచ్చాక సూదికి మూత పెట్టబోతే జరిగిందట. పైవాళ్లు మందలిస్తారని ఒక రోజంతా ఎవరికీ చెప్పలేదట. రిపోర్టులు వచ్చేదాకా అమ్మీకి కూడా చెప్పలేదట. అల్హందులిల్లాహ్, ఏమీ కాలేదు.

వాడిన సూదికి మూత పెట్టకూడదని ఆ పిల్లకు తెలియక కాదు. ఆ వార్డులో సూదులు వేసే డబ్బా లేదు. సూది పొడుచుకు రాని తెల్ల డబ్బా ఉండాలనీ, సిబ్బందికి హెపటైటిస్ బి టీకా వేయించాలనీ 2016 నాటి బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు చెబుతున్నాయి. సూది గుచ్చుకుంటే వేలు పిండకుండా, వెంటనే సబ్బుతో, పారే నీటితో కడిగి, పైవారికి చెప్పాలి. హెచ్ఐవీ సోకకుండా వాడే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి. ఎంత త్వరగా అయితే అంత మేలు. భయపడి దాచిన ప్రతి గంటా నష్టమే.

ఇక రోగి సంగతి. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టర్ కాన్పు వార్డులో క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడిగించాడు. బాలింతల మరణాలు బాగా తగ్గాయి. వుజూ లేనిదే నమాజ్ లేదని మనకు తెలుసు. నర్సుకూ అలాంటి వేళలు ఐదు ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది: రోగిని తాకే ముందు, కట్టు కట్టడం, సూది వేయడం వంటి పనికి ముందు, రక్తం, చీము వంటివి అంటే అవకాశమున్న పని తరువాత, రోగిని తాకిన తరువాత, మంచం, బల్ల వంటి రోగి పరిసరాలను తాకిన తరువాత. గ్లౌజులు వేసుకున్నా చేతులు శుభ్రం చేసుకోవాల్సిందే. శానిటైజర్‌తో అయితే 20 నుంచి 30 సెకన్లు, సబ్బూ నీళ్లతో అయితే 40 నుంచి 60 సెకన్లు. కానీ కుళాయిలో నీళ్లే రాకపోతే ఆ పిల్ల ఏం చేస్తుంది?

దాతలకు నా మనవి రెండే. మనం చదివించే ప్రతి నర్సింగ్ విద్యార్థినికీ వార్డులో అడుగుపెట్టకముందే హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టించి, మూడు డోసులూ పూర్తి చేయిద్దాం. ఏ ఆసుపత్రికి మంచం ఇవ్వబోయినా ముందు అక్కడ నీళ్లు, సబ్బు, మంచం దగ్గర శానిటైజర్, సూదుల డబ్బా ఉన్నాయో లేదో అడుగుదాం. లేకపోతే ముందు అవే ఇద్దాం.

మంచం మీద మన పేరు రాస్తారు. సబ్బు కరిగిపోతుంది, దాని మీద పేరు నిలవదు. అల్లాహ్‌కు తెలిస్తే చాలు.