చక్కెర, బెల్లము, మన యారోగ్యము
(బుక్కపట్నమున చేసిన యుపన్యాసము)



చిత్రావతి నీటిని కడుపున దాచుకొన్న యీ చెరువు చెంత నిలిచి, నీటి మాట మాని తీపి మాట చెప్పుచున్నందులకు మమ్ము మన్నింపవలెను. చెప్పక తప్పని దినములు వచ్చినవి. భారత వైద్య పరిశోధన మండలి యండతో జరిగి 2023లో ప్రకటితమైన గణనము ననుసరించి మన దేశమున మధుమేహులు 10 కోట్లకు మించియున్నారు.

మన సీమలో నొక నమ్మకము కలదు: చక్కెర చెరుపు చేయునట, బెల్లము చేయదట! హిందూపురము బెల్లపు మండికి చేరువవారము గనుక ఈ మాట మనకు మరింత ప్రియము. గాంధీమహాత్ముడు మిల్లు చక్కెరకంటె బెల్లమును మెచ్చినది నిజము. బెల్లమున నించుక యినుమును లవణములును మిగిలియుండుటయు నిజమే. కాని 100 పాళ్ల బెల్లములో 80 పాళ్లకు పైగా నుండునది చక్కెరయే గదా! రక్తమునకు ఆ రంగుభేదము తెలియదు. టీలో చక్కెర మానితిమని చెప్పి బెల్లపుగడ్డ నోట వేసికొను పెద్దలు తమ్ము తామే వంచించుకొనుచున్నారు.

తీపి తిన్నంతనే మధుమేహము పుట్టునని మేము చెప్పుట లేదు. వంశము, నడుము లావు, ఒడలికి శ్రమ లేకుండుట, ఇవియు కారణములే. అయితే మితిమీరిన చక్కెర కాలేయమున క్రొవ్వుగా మారును. ఒడలు పెరిగినకొలది ఇన్సులిను పని చెడును. పిమ్మట కన్నులు, మూత్రపిండములు, పాదముల నరములు ఒకదాని వెంట నొకటి దెబ్బతినును. పిల్లల పండ్లు పుచ్చుట వేరే చెప్పనేల?

మన తాతలు రాగిసంగటియు చెనక్కాయల పచ్చడియు తిని, ఓళిగలకై యుగాది వరకు వేచియుండిరి. నేడు తీపికి పండుగ యక్కరలేదు. గ్లాసుకు 2 చెంచాల వంతున దినమునకు 5 టీలు త్రాగువాడు 40 గ్రాముల చక్కెర త్రాగుచున్నాడు. నెలకది కిలోకు పైమాట! సీసా పానీయములు వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది 50 గ్రాములకు లోపల. 25 గ్రాములకు లోపలనైన మరియు మేలట. ఇందులో బెల్లమును తేనెయు కూడ చేరును.

చిక్కంతయు మర్యాదలో నున్నది. చప్పని టీ యిచ్చిన నతిథి చిన్నబుచ్చుకొనునని గృహిణి యడుగకయే మరియొక చెంచా వేయును. "చక్కెర యెంత?" యని ముందుగా నడుగుట యమర్యాద కాదు, తల్లులారా!

ఇంకొక్క మాట. ఇన్సులినుగాని కొన్ని మాత్రలుగాని తీసికొనువారికి ఒక్కొక్కప్పుడు రక్తమున చక్కెర మిక్కిలి తగ్గి, చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడును. తెలివియున్నచో అప్పుడు 3, 4 చెంచాల చక్కెర నీట కలిపి వెంటనే త్రాగింపవలెను. తెలివి తప్పినవాని నోట నేమియు పోయక ఆసుపత్రికి కొనిపోవలెను. కావున మధుమేహియున్న యింట చక్కెర డబ్బా యుండనే యుండవలెను, అందరికిని తెలిసిన చోట.